ఇరవై మూడో పత్రం

“మళ్లీ సున్ననే సార్,” అన్నది ఇక్రా, తెరను ఆయన వైపు తిప్పి.

‘మీకు కేటాయించిన పత్రాలు: 0’ అని ఉంది. కొత్తకోట బస్టాండు ఎదుట ఆమె నడిపే ఇంటర్నెట్ సెంటర్లో జయపాల్ గంట నుంచి చూస్తున్న అంకె అదే. ఆయన వనపర్తిలో భూగర్భశాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకుడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోట నీళ్లున్నాయంటూ బోరు పాయింటు చూడటం మోసమని ఇరవై ఏళ్లు ఊరూరా ఉపన్యసించినవాడు. నాగర్‌కర్నూల్‌లో జరగబోయే ఒక సదస్సుకు వచ్చిన పరిశోధన పత్రాలను పరీక్షించమని ఆయనను కోరారు. సాయంత్రం ఐదుకు గడువు. ఆలోగా ఎవరూ తిరస్కరించని పత్రం దానంతటదే ఆమోదం పొంది పుస్తకంలో అచ్చవుతుంది.

“పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టావా?”

“తప్పు గొడితే గడప కాన్నే ఆపుతుండె సార్. మనం లోపటికే పోయినం. మీకు పిలుపు ఏ మెయిల్‌కు వచ్చింది?”

“కాలేజీ మెయిల్‌కు.”

“మరి ఖాతా దేంతోని తెరిచిండ్రు?”

“నా సొంత మెయిల్‌తో.”

“గదీ సంగతి. దాని లెక్కల మీరు ఇద్దరు మనుషులు. పత్రాలు ఒకాయనకిచ్చిండ్రు, లోపటికి ఇంకొకాయన పోయిండు.”

జయపాల్ సదస్సు కన్వీనర్ శ్రవణ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. అతను రెండు ఖాతాలనూ కలిపాడు. తెర మీద ఎనిమిది పత్రాలు వచ్చాయి. మొదటిది నెట్ నుంచి ఎత్తి రాసింది, నీలిరంగు లింకులు కూడా చెరపలేదు. రెండోది వెన్నెలలో ఆరబెట్టిన విత్తనం రోగాలను ఎదిరిస్తుందని ఏ కొలతా లేకుండా తేల్చింది. మూడోదానిలో పరిశోధన కన్నా కృతజ్ఞతలు పొడవుగా ఉన్నాయి. అయితే ఆయన వెతుకుతున్నది వీటిలో లేదు.

“శ్రవణ్, ఇరవై మూడో పత్రం ఏది? జాబితాలో పేరుంది. ‘కొబ్బరికాయతో భూగర్భజల నిర్ధారణ: నలభై బోర్ల అధ్యయనం’.”

స్పీకరులో శ్రవణ్ కుమార్ గొంతు తగ్గింది. “సిస్టమ్ అది మీకు ఇయ్యనిస్తలేదు సార్. రాసినాయన మీ పేరు కాడ ‘పరిచయం ఉంది’ అని టిక్ పెట్టిండు. పరిచయమున్నోళ్లు దిద్దొద్దని రూలు.”

“ఎవడతను?”

“పేరు చెప్పొద్దు సార్. అదిగూడ రూలే.”

“నాకు భయపడి పెట్టిన టిక్కు అది. దొంగ తన కేసు ఏ జడ్జి వినాలో తానే ఎంచుకున్నట్టుంది. సరే, ఫొటోలు కూడా జతచేశాడా?”

“చేసిండు సార్. ఫైలు శాన బరువున్నది.”

“ఇంకెవరైనా తెరిచారా?”

“ఇంకా లేదు. మీకు రాకుంటే వేరేటోళ్లకు ఇద్దామని చూస్తున్న.”

“ఇవ్వద్దు. దాన్ని నేనే చూడాలి. ఆ టిక్కు తీసెయ్.”

“సార్, రూలు...”

“అది అచ్చయిందంటే రేపు బోరు పాయింట్లు చూపే ప్రతివాడి జేబులోనూ ఉంటుంది. రైతుల చేలు బీడుపడితే నీ రూలు నీళ్లు తోడుతుందా?”

ఇక్రా ఫోన్ వైపు వంగింది. “జర తియ్యుండ్రి సార్. మా అబ్బా కోడేరు కాడ మూడు బోర్లు ఏయించిండు, కొబ్బరికాయ నిలవడ్డ కాన్నే. మూడింట్లనూ సుక్క నీళ్లు లెవ్వు, దుబ్బనే వచ్చింది. చేను పోయింది. ఇప్పుడు గీ రోడ్డు మీద లారీలకు పంక్చర్లు ఏస్తుండు.”

“చూస్త ఆగుండ్రి,” అని శ్రవణ్ కుమార్ ఫోన్ పెట్టేశాడు.

“మీ నాన్న అట్లా ఎట్లా నమ్మాడమ్మా?” అన్నాడు జయపాల్.

“ముందుగాల నమ్మలే సార్. ఎవరో పెద్దసారు గూడ గిట్లనే చూపించుకున్నడని పాయింటాయన చెప్పిండు. గంత చదివినాయననే నమ్మినంక మనదేముంది అన్నడు అబ్బా.”

జయపాల్ అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“చదువు వేరు, బుద్ధి వేరు,” అన్నాడు అసహ్యంగా.

నాలుగూ నలభైకి ఇరవై మూడో పత్రం జాబితాలోకి వచ్చింది. ఇక్రా దాన్ని తెరవగానే ఆయన తెరను తన వైపు తిప్పుకున్నాడు.

“ఇది గోప్యంగా చేయాల్సిన పని. నువ్వు కాస్త అటు కూర్చో.”

ఆమె లేచి గుమ్మం దగ్గర నిలబడింది. హైవే మీద లారీలు వెళ్తున్నాయి. లోపల ఆయన ఒంటి వేలితో కొడుతున్నాడు: ‘అశాస్త్రీయం. హేయం. ఏ రూపంలోనూ అచ్చుకు తగదు.’ మార్కులు సున్న. సిఫారసు తిరస్కరణ. పంపడానికి నొక్కాడు. బటన్ కదల్లేదు. మళ్లీ నొక్కాడు.

“ఇక్రా, ఇది పోవడం లేదు.”

ఆమె వచ్చి చూసింది. “పత్రం ఆఖరి పేజీ దాంక చూస్తెనే పోతది సార్. మీరు మొదటి పేజీ కాన్నే ఆగిండ్రు.”

“నాకు అవసరం లేదు. అందులో ఏముందో తెలుసు.”

“మీకు లేదు సార్, దానికున్నది.”

“ఇంకో దారి లేదా?”

“లేదు సార్. ఐదుకు నాలుగు నిమిషాలే ఉన్నది. మౌస్ ఇటియ్యుండ్రి.”

ఆయన చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. ఇక్రా నవ్వి, కీబోర్డు మీది బాణం గుర్తును వేలితో అదిమి పట్టింది. పేజీలు పరుగెత్తాయి. పట్టికలు, పటాలు, తర్వాత ఫొటోలు. ఆఖరి పేజీలో తెర ఆగింది. బటన్ పచ్చగా మారింది. ఫైలు బరువుకు అక్కడి ఫొటో మెల్లగా కింది నుంచి పైకి తెరుచుకుంటోంది. ‘పద్దెనిమిదో బోరు, వనపర్తి’ అని రాసి ఉంది. ముందు ఎర్రమట్టి, దాని మీద చెప్పులు విడిచిన పాదాలు, తర్వాత చాచిన అరచెయ్యి, అందులో కొబ్బరికాయ.

“గీయననే అయ్యుంటడు సార్ ఆ పెద్దసారు,” అన్నది ఇక్రా, ముఖం కోసం చూస్తూ. “మొకం జూడాలె.”

ఆ ముఖం జయపాల్‌ది.