మైకులో పిలిచిన పేరు

దేవసహాయం వెనక వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ముందట కూసోవాలె గానీ గీ మూలకేందన్నా? బిడ్డ ఫంక్షనాయె!" అంది రోసమ్మ. పదేళ్ల కిందట పక్కింట్లోకి వచ్చిన మనిషి. తోడుగా వచ్చింది.

"గిక్కడనే మంచిగుంది," అన్నాడు.

సికింద్రాబాదులో పేరున్న బడి అది. కొత్తగా కట్టిన లైబ్రరీ ఆ రోజు తెరుస్తున్నారు. తెరిచేది కల్పలత. అక్కడే చదివి, ఇప్పుడు యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసరు. దేవసహాయానికి ఒక్కగానొక్క కూతురు.

"శనివారం బడిలో ఫంక్షన్ నాయినా," అని ఫోన్లో చెప్పింది. రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

ఆయనకు కావలసింది ఒక్కటే. అంతమంది ముందు, మైకులో, "అదిగో మా నాయిన" అని కూతురు తనను చూపించాలి.

దేవసహాయం రైలు పెట్టెలు కడిగేవాడు. బండి ఖాళీ అయి యార్డులోకి రాగానే చీపురూ బకెట్టూ పట్టుకుని ఎక్కేవాడు. సీట్ల కింద జనం వదిలేసిన పత్రికలు, అట్టలు పోయిన నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు దొరికేవి. తోటివాళ్లు వాటిని పాత పేపర్ల దుకాణంలో వేసేవాళ్లు. ఆయన సంచిలో కుక్కి మెట్టుగూడ బస్తీలోని తన రేకుల గదికి మోసేవాడు. తల్లి లేని పిల్ల వాటి మీదే పడి నిద్రపోయేది. నాలుగేళ్లకే అక్షరాలు కూడబలుక్కుంది. తర్వాత పకోడీ పొట్లం విప్పినా ముందు కాగితం చదివేది. చల్లారాక తినేది.

"పెట్టెలు కడిగెటోని బిడ్డకు పుస్తకాలేందిరా? చీపురు పట్టుడు నేర్పు!" అని యార్డులో నవ్వేవాళ్లు.

ఆయన సంచి భుజాన వేసుకుని ఇంటి దారి పట్టేవాడు. ఆఖరి పేజీలు ఊడిన కథ చదివి, "తర్వాత ఏమైంది నాయినా?" అని పిల్ల ఏడిస్తే, మరునాడు అదే కథ కోసం పది పెట్టెలు ఎక్కువ వెతికేవాడు. ఆయనకు చదవడం రాదు. లోపలి బొమ్మలు గుర్తుపెట్టుకుని వెతికేవాడు.

ఆ బస్తీ నుంచి ఈ బడికి వచ్చిన మొదటి పిల్ల కల్పలతే. రోజూ సైకిలు మీద తెచ్చి దింపేవాడు. లోపలికి రావడం మాత్రం ఆయనకిదే మొదలు.

మైకు గరగరలాడింది. ప్రిన్సిపాల్ మేడమ్ కాగితం చూసి చదివింది.

"ఇంతటి బిడ్డను కన్న తండ్రి, శ్రీ దేవసహాయం గారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

రోసమ్మ మోచేత్తో పొడిచింది. "లే అన్నా, లే! నిన్నే!"

దేవసహాయం సగం లేచాడు.

అప్పటికే మొదటి వరుసలోంచి ఒకాయన లేచి మెట్లెక్కుతున్నాడు. సిల్కు లాల్చీ, సన్న ఫ్రేము కళ్లద్దాలు. నరసరాజు. ఒకప్పుడు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా.

చప్పట్లు మోగాయి. దేవసహాయం లేచినంత లేచి అలాగే ఉండిపోయాడు.

"ఎవడన్నా గాడు? నీ పేరు పిలిస్తే గాడెందుకు పోతుండు?"

"ఊకో రోసమ్మా."

కల్పలత మైకు అందుకుంది. "మా నాన్న రోజూ రైళ్లలోంచి నాకు పుస్తకాలు తెచ్చేవారు. ఆఖరి పేజీలు లేకపోతే వెతికి తెచ్చేవారు. నేనిలా నిలబడ్డానంటే ఆ పుస్తకాల వల్లే."

అందరూ నరసరాజును చూశారు.

"ఏ పుస్తకాలు తెచ్చేవారు సార్?" అని ప్రిన్సిపాల్ ముచ్చటగా అడిగింది.

"ఏవంటే... అన్ని రకాలూనండీ," అని ఆయన తల దించుకున్నాడు.

"ఒక్క పుస్తకం పేరు సుత చెప్పస్తలేదు వానికి!" అని రోసమ్మ పళ్లు కొరికింది.

"చదువుకున్న తండ్రి ఉంటే పిల్లలు ఇలా తయారవుతారు," అంది ప్రిన్సిపాల్. "చదువురాని ఇళ్లలో ఇదెక్కడ సాధ్యం!"

మళ్లీ చప్పట్లు.

కల్పలత చూపు జనం మీదుగా వెనక వరుస దాకా వచ్చి ఆగింది. తండ్రిని చూసింది. పెదవి కదిలింది. దేవసహాయం ముందుకు వంగాడు. ఇప్పుడు చెబుతుంది. ఇప్పుడైనా చెబుతుంది.

ఆమె చూపు తిప్పుకుంది. శాలువా తీసి నరసరాజు భుజాల మీద కప్పింది. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

దేవసహాయం ఆ శాలువానే చూశాడు. తన పేరు, తన పుస్తకాలు, తను మోసిన సంచులు, అన్నీ ఇంకొకడి పాలయ్యాయి. కన్నబిడ్డ కళ్లల్లోకి చూసి మరీ కాదంది.

"గింత మోసమా! నేను పోయి మైకు గుంజుకొని చెప్త, చూడు!" రోసమ్మ కొంగు బిగించి లేచింది.

దేవసహాయం ఆమె చెయ్యి పట్టి ఆపాడు. బయటికి నడిచాడు. గేటు దగ్గరికి వచ్చాడు. ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

రోసమ్మ వెనకే ఉరికొచ్చింది. "జెర నోరిప్పన్నా. తండ్రిని తండ్రి కాదనే బుద్ధి ఆమెకు ఎవలు నేర్పిండ్రు?"

ముప్పై ఏళ్ల కిందట, తల్లిదండ్రులను కూడా ఇంగ్లీషులో ప్రశ్నలడిగి గానీ సీటివ్వని ఆ బడిలోకి నరసరాజును తన పేరుతో పంపిస్తూ, ఐదేళ్ల కల్పలత చెయ్యి ఆయన చేతిలో పెట్టి, "లోపల గీ సారే మీ నాయిన, నేను కనబడ్డా ఎన్నటికీ గుర్తుపట్టొద్దు" అని బైబిలు మీద ఒట్టు వేయించుకున్నది దేవసహాయమే.