గాలివాటం

“మా ఇంటి ఫొటో చివర పెట్టడమంటే అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమనుకుందేమో మేడం,” అన్నాడు ఇనపకొట్టు ఆసామి. “చిన్నపిల్ల కదా, వరస తలకిందులుగా పేర్చిందేమో.”

సర్వే మేడం తల అడ్డంగా ఊపింది. “అదీ చూశానండీ. మిగతా నాలుగిళ్ళ వరస ఎప్పుడడిగినా ఒకేలా ఉంది. మీ ఇల్లొక్కటే పైనుంచి అడుక్కి దిగిపోయింది.”

పక్కన కూర్చున్న భార్య చేతిసంచీ జిప్పు లాగుతూ మూస్తూ ఉంది. అది అనాథ పిల్లల ఆశ్రమం ఆఫీసు గది. పిల్లలు కావాలని అయిదు కుటుంబాలు వచ్చాయి. ఇదివరకు ఏ పిల్లని ఏ ఇంటికి పంపాలో మేనేజరు కంటిచూపుతో తేల్చేసేవాడు. వెళ్ళినవాళ్ళలో కొందరు నచ్చని సరుకులా వెనక్కొచ్చేవారు. అందుకని ఈసారి సర్వే మేడాన్ని పిలిపించారు. జనం ఏ సబ్బుకి ఎన్నో స్థానం ఇస్తారో కంపెనీలకి లెక్కకట్టి చెప్పడం ఆమె వృత్తి. ఇక్కడ సబ్బుల బదులు ఇళ్ళ ఫొటోలు ఇచ్చి, నచ్చిన వరసలో పేర్చమని పిల్లల్ని అడిగింది. ఒక్కసారి అడిగితే ఆ పూట బిస్కట్లు తెచ్చినవాళ్ళే పైకెక్కుతారని, వారానికొకసారి చొప్పున మూడుసార్లు అడిగింది. మారేది గాలివాటం, నిలిచేది మనసు అని ఆమె సూత్రం. ఆ రెంటినీ వేరుచేసేది ఆమె లెక్కల మోడల్.

ఆసామి కూడా మొదట లెక్క వేసుకునే వచ్చాడు. పదేళ్ళ పిల్లయితే త్వరలోనే కొట్లో చేతికి అందివస్తుంది. మేనేజరు నసుగుతూ, ఇద్దరిని తీసుకెళ్ళే ఆలోచన ఏమైనా ఉందా అని అడిగితే మధ్యలోనే తుంచేశాడు. ఇల్లు, రాబడి, ముందుముందు చదువుల ఖర్చు అన్నీ కూడుకునే వచ్చామనీ, ఒక్కరు తప్ప ఇంకొకరికి చోటు లేదనీ ఖరాఖండీగా చెప్పాడు. ఆ పక్కనే బెంచీ మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. వ్యాపారంలో నాన్చుడు ఆయనకి గిట్టదు.

కానీ ఆ తర్వాత లెక్క తప్పింది. ఒక ఆదివారం జేబులోంచి గుప్పెడు మరలు, బోల్టులు, వాషర్లు బల్లమీద పోస్తే, వాళ్ళు చూసుకున్న పదేళ్ళ పిల్ల ఎవరూ చెప్పకుండానే సైజులవారీగా వేరుచేసింది. ఆమె వెంట తోకలా తిరిగే చిన్నపిల్లల్లో ఒకతె వాషర్లని వేళ్ళకి ఉంగరాల్లా తొడుక్కుని అందరికీ చూపించింది. చేతులు కడుక్కోమంటే పెద్దపిల్ల, ఉండనీండి, ఈ వాసన బాగుంది అంది. ఆ మాటతో ఆయన పడిపోయాడు. మర్నాడే గల్లా పక్కన ఆ పిల్ల ఎత్తుకి సరిపోయే స్టూలు చేయించాడు. పొద్దున్న కొట్టు తెరవగానే ముందు దాన్నే తుడుస్తున్నాడు.

“మొదటిసారి మమ్మల్నే పైన పెట్టింది కదా మేడం,” అన్నాడు మళ్ళీ.

“అవునండీ. తర్వాత రెండుసార్లూ కిందే. అంచేత మొదటిదాన్ని మోడల్ గాలివాటం కింద తీసేసింది.”

“మధ్యలో ఏం జరిగింది?”

ఏమీ జరగలేదంది మేడం. ఇళ్ళు ఎలా పంచుతారని పిల్లలు అడిగితే దాపరికం లేకుండా చెప్పిందట. ఒకే ఇంటిని ఇద్దరు పిల్లలు కోరితే వాళ్ళలో పెద్దవాళ్ళకే ఇస్తారు, ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ అడిగేవాళ్ళు తగ్గుతారు. అంతే.

ఆసామి అది సగమే విన్నాడు. ఆయన తన తప్పుకోసం తవ్వుకుంటున్నాడు. ఆ పిల్ల ఇనప మరల్లో ఇత్తడిది ఒకటి కలిపేస్తే, ఇలా అయితే దివాలా తీస్తామే తల్లీ అని నవ్వులాటకి అన్నాడు. అదే గుచ్చుకుందేమో.

“పిల్లలతో బేరాల భాష వద్దని ఎన్నిసార్లు చెప్పాను,” అంది భార్య. గొంతులో కోపం లేదు, నీరసం ఉంది.

మేడం కాగితం తిప్పి, వాళ్ళ ఇంటినే కోరిన పిల్ల ఒకతె ఉందని చెప్పింది. అయిదేళ్ళది, ఆ వాషర్ల పిల్ల. ఎప్పుడడిగినా వాళ్ళ ఫొటోనే అన్నిటికన్నా పైన పెట్టిందట. ఒకటి లేదంటే ఇంకొకటి కట్టివ్వడం ఆయనకి రోజూ ఉన్న పనే. ఈసారి మాత్రం తనే కొనేవాడి వైపు కూర్చున్నాడు. కావాలని కోరి వచ్చేదాన్ని కాదని ఎలా అంటామండీ అంది భార్య. ఆయన తలూపాడు.

తీసుకెళ్ళే రోజున పెద్దపిల్ల చిన్నదాని సంచీ మోసుకుంటూ వరండాలోకి వచ్చింది. ఆసామి ఆమె ముందు వంగి నిలబడ్డాడు.

“ఒక్క మాట చెప్పమ్మా. నావల్ల ఏం తప్పు జరిగింది?”

ఆ పిల్ల నేల చూపులు చూసింది. “మీ కొట్లో ఇనుము వాసనండీ. నాకు పడదు.”

సంచీ కారులో పెట్టి, చిన్నదాన్ని సీటులో కూర్చోబెట్టి, తలుపు గట్టిగా పడిందో లేదో లాగి చూసి, వెనక్కి తిరగకుండా లోపలికి వెళ్ళిపోయింది. కొట్టుకెళ్ళగానే ఆ స్టూలు ఎవరికైనా ఇచ్చెయ్యాలి అనుకున్నాడు ఆసామి.

కారు కదిలింది. చిన్నది సీటుమీద మోకాళ్ళూని వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఆశ్రమం గేటు కనుమరుగైనా కూర్చోలేదు. భార్య దాన్ని ఒళ్ళోకి లాక్కుని వీపు నిమిరింది.

“అక్కడ అంతమంది అక్కలున్నారు కదే, ఆ అక్క మీదే ఎందుకంత బెంగ?”

“ఆ అక్క మా అమ్మకే పుట్టింది.”