నిద్ర లేపొద్దు

రాజుగారి తోట గేటు మూసి ఉంది.

బోడిల్ చంటిపిల్లల బండిని ఆపి గడియారం చూసుకుంది. నాలుగు కావడానికి పావుగంట. సరిగ్గా నాలుగింటికి మనవడు ఆస్గర్‌ని కోడలి చేతిలో పెట్టాలి.

పిల్లాడికి మూడో నెలలో ఐస్‌క్రీం నాకించినందుకు రెండు నెలలు వాడి ముఖం చూడనివ్వలేదు కోడలు సిసెల్. ఈ రోజే మళ్ళీ నమ్మి ఇచ్చింది. ఇచ్చేముందు వేలు చూపించి మరీ చెప్పింది.

"చల్లగాలికి బాగా పడుకుంటాడు. పడుకున్నాక పైన కప్పిన గుడ్డ మాత్రం కదపకండి. నాలుగంటే నాలుగే. ఇంక ఇదే ఆఖరు, అత్తయ్యా."

అన్నీ చెప్పినట్టే చేసింది బోడిల్. పాలు పట్టింది. నిద్రపుచ్చింది. ఎదురు వీధిలో కాఫీ తాగినప్పుడు కూడా, ఆ ఊళ్ళో అందరిలాగే, బండిని బయట మిగతా బండ్ల పక్కన గాలికే ఉంచింది. తర్వాత తోటలో మూడు చుట్లు తిప్పింది. గుడ్డ కొస కూడా ముట్టుకోలేదు.

"గేటు తియ్యి బాబూ, ఆలస్యమవుతోంది," అంది కాపలా కుర్రాడితో.

"పోలీసులు వచ్చేదాకా ఎవరినీ పంపొద్దన్నారమ్మా. ఎవరిదో పాప కనబడటం లేదట."

బోడిల్ బండిని దగ్గరికి లాక్కుంది. "అయ్యో, ఆ తల్లి ఎలా ఉందో! అయినా నాది మగపిల్లాడు, నన్నెందుకు ఆపడం?"

అతను గుడ్డ వైపు చెయ్యి చాపాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. లేస్తే నువ్వొచ్చి జోకొడతావా?"

చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. "వద్దులెండి. మా ఇంట్లో కవలలు. ఆ బాధ నాకు తెలుసు. పోలీసులే చూసుకుంటారు."

పక్క గేటుకు వెళ్ళింది. అక్కడా తాళమే. ఇనుప కమ్మీల అవతల ఆమె ఎక్కాల్సిన బస్సు ఆగింది, జనాన్ని ఎక్కించుకుంది, వెళ్ళిపోయింది. సిసెల్‌కి ఫోన్ చేద్దామనుకుని, చెయ్యలేక, మళ్ళీ మొదటి గేటుకే వచ్చింది.

అప్పటికి అక్కడ పదిమంది పోగయ్యారు. వాళ్ళలో ఒక గడ్డపాయన మీద బోడిల్ కన్ను పడింది. పాత బండి. మీద మందపాటి దుప్పటి. ఎవరి ముఖమూ చూడటం లేదు.

"అదిగో, ఆ బండి చూడు," అని కాపలా కుర్రాడి చెవిలో వేసింది.

కుర్రాడు వెళ్ళి దుప్పటి ఎత్తాడు. నిండా ఖాళీ బీరు సీసాలు.

"దుకాణంలో వాపసు ఇవ్వడానికి తీసుకెళ్తున్నాను," అన్నాడు గడ్డపాయన. అందరూ నవ్వారు. ఆయన మాత్రం బోడిల్ వైపు తిరిగాడు. "ఏమ్మా, దొంగలా కనిపించానా? మరి మీ బండిలో ఏముందో?"

"మా మనవడు."

"నా సీసాలన్నా కాస్త గలగలమంటాయి. మీ వాడు మరీ బుద్ధిమంతుడిలా ఉన్నాడే!"

"పెంపకం అలాంటిది," అంది బోడిల్, బండి పిడి గట్టిగా పట్టుకుని.

నాలుగు దాటి పది నిమిషాలైంది. ఇంక సిసెల్ పిల్లాణ్ణి ఇవ్వదు. వాడు బడికి వెళ్ళేదాకా ఇవ్వదు. కమ్మీల మధ్య నుంచి బండిని దూర్చేయగలిగితే బాగుండుననిపించింది.

ఫోన్ మోగింది. సిసెల్.

కోడలు నోరు తెరిచే లోపు బోడిల్ గబగబా చెప్పేసింది. "తప్పు నాది కాదమ్మా. గేట్లన్నీ వేసేశారు. ఎవరో మహాతల్లి ఎవరి పాపనో ఎత్తుకుపోయిందట. ఆస్గర్ బంగారంలా పడుకున్నాడు, గుడ్డ కూడా కదపలేదు."



"ఆస్గర్ నా చంకలో ఉన్నాడు అత్తయ్యా, కాఫీ షాపు బయట బండిలో ఒక్కడే ఏడుస్తుంటే, బండి మీదున్న ఫోన్ నంబరు చూసి షాపువాళ్ళు నాకు ఫోన్ చేశారు."