ఒకటో షెడ్డు కోళ్ళు

"ఆ సూది నా కోళ్ళ దగ్గరికి తెచ్చావంటే బాగుండదు చెప్తున్నా!"

ఫారం యజమాని గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

రబ్బరు బూట్లు, చేతిలో ఐస్ పెట్టె. పశువుల ఆఫీసు నుంచి వచ్చిన యాభై ఏళ్ళ ఆవిడ నెమ్మదిగా అంది.

"షెడ్డుకు పది కోళ్ళు చాలు బాబూ. రెక్క కింద నరంలోంచి కాస్త రక్తం. బర్డ్ ఫ్లూ వచ్చి పోయిందేమో చూస్తారు. కోడి చావదు."

"కోడి చావదు. మీ కాగితం వచ్చాక ఫారమే చస్తుంది."

అయినా సర్కారు ఉత్తర్వు. గేటు తీయక తప్పలేదు.

"ఒరేయ్, ఒకటో షెడ్డు కోళ్ళు పట్రా," అని తమ్ముడికి కన్ను గీటాడు.

ఒకటో షెడ్డులో పది రోజులుగా గుడ్లు తగ్గాయి. ఆ సంగతి బయటపడితే ఉన్న కోళ్ళన్నీ పూడ్చేయిస్తారని అతని భయం.

తమ్ముడు దగ్గుకుంటూ వెళ్ళి, రెండో షెడ్డులోంచి పది కోళ్ళు తెచ్చాడు.

ఆవిడ ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కాలిగోళ్ళు తడిమింది. తురాయి చూసింది.

"ఒకటో షెడ్డుది ముసలి బ్యాచ్ అని మీ రిజిస్టర్లో ఉంది. ఇవి పడుచు కోళ్ళు."

"నాకే పాఠాలా? నీ బతుకులో ఒక్క కోడికైనా మేత వేశావా?"

సూది పట్టిన చెయ్యి క్షణం ఆగింది.

"మీ తమ్ముడికి దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"కోళ్ళు అయిపోయాయి, ఇక మనుషుల మీద పడ్డావా?"

"ఇవి ఒకటో షెడ్డువని నేను రాయలేను బాబూ."

అతను ఐస్ పెట్టెను కాలితో తన్నాడు. సీసాలు పగిలాయి.

పగలనివి ఏరుకుని బయటికి నడిచింది. ఒకటో షెడ్డు కడిగిన నీళ్ళు పారే కాలవలో పక్కింటి బాతులు ఈదుతున్నాయి. పక్కింటివాళ్ళనడిగి, అయిదు బాతుల రక్తం తీసుకుంది.

"కోళ్ళు దక్కలేదని బాతుల్ని పట్టుకుందిరోయ్!"

పనివాళ్ళు విరగబడి నవ్వారు.

యజమాని ఊరుకోలేదు. ఆవిడే ఫారం ఫారం తిరిగి రోగం అంటిస్తోందని ఆ సాయంత్రమే పశువుల ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు.

నాలుగో రోజు ఆవిడ మళ్ళీ వచ్చింది. చేతిలో సూది లేదు, పెట్టె లేదు.

"బాతుల రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయి బాబూ. అంటే ఆ జబ్బు వాటిని తాకింది. ఆ కాలవలోకి వచ్చే నీళ్ళు నీ షెడ్డువే. కోళ్ళ సంగతి తర్వాత. ముందు తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఇవాళే."

"శుభమా అని పొద్దున్నే నీ శాపనార్థాలేంటి? పో!"

బకెట్లో ఉన్న కడుగునీళ్ళు ఆవిడ మీద కుమ్మరించాడు.

తడిసిన బట్టలతోనే ఆవిడ మరోసారి అంది.

"ఇవాళే తీసుకెళ్ళు బాబూ. రేపనకు."

అతను గేటు వేసేశాడు.

తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఇంకో ఆరు రోజులు గడిచాయి. ఊపిరితిత్తులు అప్పటికే నిండిపోయాయి.

తమ్ముడు పోయిన మూడో రోజు, తెల్లటి సూట్లు వేసుకున్న మనుషులు ఒకటో షెడ్డు ఖాళీ చేస్తుంటే, యజమాని అక్కడే ఉన్న పశువుల పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"ఆవిడ... ఆ రక్తం తీసే ఆవిడ ఏది సార్? ఒక్కసారి కాళ్ళ మీద పడాలి."

"మీరు ఫిర్యాదు పెట్టారుగా. ఆ మర్నాడే పనిలోంచి తీసేశారు. ఎక్కడుందో తెలీదు."

"తీసేశాక కూడా వచ్చిందా మా ఇంటికి?"

"బాతుల రిపోర్టు సంగతి ఆవిడకు చెప్పింది నేనే," అన్నాడు డాక్టరు.

"గోళ్ళు చూసి కోడి వయసు చెప్పేసింది సార్. ఆవిడకెలా తెలుసు?"

"ఆవిడకీ రెండు షెడ్ల ఫారం ఉండేదయ్యా. భర్త దగ్గుతూనే మేత వేస్తున్న రోజుల్లో, రక్తం తీయడానికి నేను వెళ్తే, ఒకటో షెడ్డువని చెప్పి రెండో షెడ్డు కోళ్ళు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది ఆవిడే."