పక్షుల గదికి బదిలీ

"కప్పలు కావాలో, మా అమ్మాయి కావాలో తేల్చుకో బాబూ!"

జూలో నలుగురూ వింటూండగానే అనేసింది ఆవిడ. కూతురు సిగ్గుతో చితికిపోయింది.

నిజానికి కాబోయే అల్లుడంటే ఆవిడకి ముచ్చటే. నెమ్మదస్తుడు, మాట మెత్తన. తీరా అతను పనిచేసే గది చూద్దామని వస్తే, తలుపు మీద పుర్రె బొమ్మ! లోపల గాజుపెట్టెల్లో పసుప్పచ్చ కప్పలు, బొటనవేలంతేసి. ఒక్కదాని విషం చాలు, పదిమంది పోతారని గోడ మీద రాసుంది. ఆ కప్పనే ఇతగాడు ఒట్టి చేత్తో, గోళీకాయని తీసినట్టు తీసి పక్కపెట్టెలో వేశాడు. అప్పుడే ఆవిడ ఆ మాట అనేసింది.

"అది కాదండీ అత్తయ్యగారూ, అసలీ కప్పలు..."

"నువ్వింకేం చెప్పకు! వీళ్ళ నాన్నా ఇంతే. 'నాకేం కాదే' అంటూ రోజూ కరెంటు స్తంభం ఎక్కేవాడు. ఓ రోజు ఎక్కాడు, మళ్ళీ దిగలేదు. నా గతి దీనికి పట్టకూడదు."

  మర్నాడే అతను పెద్దాఫీసరుని బతిమాలి పక్షుల గదికి మారిపోయాడు. పెళ్ళీ జరిగిపోయింది.

ఆ తర్వాత ఓ ఆదివారం ఆవిడ పనిగట్టుకుని కొత్త గది చూడ్డానికి వెళ్ళింది. తలుపు మీద పుర్రె లేదు, భయం లేదు. మొన్ననే విదేశీ అడవి నుంచి తెచ్చిన పిట్ట ఒకటి, పంజరంలో, నల్లటి తల, ఇటుకరంగు ఒళ్ళు, ఈల వేసినట్టు పాడుతోంది. అల్లుడు చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని గిన్నెలు కడుగుతున్నాడు. అచ్చం డాక్టరులా ఉన్నాడు. శుభ్రమంటే ఇదీ అనుకుంది ఆవిడ.

"చూశావా నాయనా, నా మాట వింటే ఎంత హాయిగా ఉందో! ఇప్పుడు నాకు కంటినిండా నిద్ర పడుతోంది."

"అంతా మీ దయ అత్తయ్యగారూ."

ఆవిడ మురిసిపోయింది. "నా బంగారుకొండ!" అంటూ పిట్టని నిమరడానికి చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపింది.

అల్లుడు ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి వెనక్కి లాగేశాడు.

"ఆవేళ మీరు చెప్పనివ్వలేదు గానీ అత్తయ్యగారూ, అడవి పురుగులు తినకుండా గాజుపెట్టెల్లో పుట్టి పెరిగిన ఆ కప్పలకి విషమే ఉండదు, విషమున్నది ఆ పురుగులు తిన్న ఈ పిట్ట ఈకల్లో!"