డబ్బాలో జాగా

"మనిషి పట్టే డబ్బ దొరుకుతదా లేదా, గదొక్కటి చెప్పి పో." నాగేందర్ బండి తాళంచెవి లాక్కుని గుర్వయ్య పిడికిట్లో పెట్టుకున్నాడు.

నాగేందర్ గోపాలమిత్ర. ఎదకొచ్చిన ఆవులకు చూడి కట్టే సూదులు వేస్తూ ఊరూరా తిరుగుతాడు. మోత్కూర్ అవతల ఇంకో ఆవు కాచుకుని ఉంది. ఆలస్యమైతే మళ్లీ ఇరవై రోజులు ఆగాలి. ఈ పెద్దాయన చూస్తే బండి మీద బీజాన్ని గడ్డకట్టించి దాచే నైట్రోజన్ డబ్బాను పట్టుకుని వదలడు.

"గిండ్ల ఉండేది ఆంబోతు బీజం కాకా. ఆంబోతు గాదు."

"నువ్వే చెప్పినవు గద. మా లేగ తండ్రి సచ్చి పదకొండేండ్లాయె. అయినా మొన్న లేగ పుట్టె. గొడ్డుకైన పని మనిషికి గాదా?"

ఈ లెక్కకు ఏ డాక్టరూ జవాబు చెప్పలేడు. డెబ్బై దాటినవాడు, చావంటే భయం ఉండదా మరి. నాగేందర్‌కు జాలేసింది.

"బయటి దేశాలల్ల మనుషుల్ని గూడ గిట్లనే గడ్డకట్టిస్తున్నరు. ఎన్నటికన్న మందు దొరికితె లేపుతరట. గాని ఇప్పటిదాంక లేచినోడు ఒక్కడు లేడు."

"లేవకుంటె మానె. ఖరాబు గాకుండనైతె ఉంటడు గద?"

"ఉంటడు."

"అయితె పెద్ద డబ్బ తెప్పియ్యి. నా లేగను ఇస్త."

మూడు సూదులు వృథా అయ్యి, నాలుగోసారికి చూడి కట్టి పుట్టిన లేగ అది. చలికాలంలో దాని మీద తన గొంగడి కప్పి, తాను ముడుచుకుని పడుకునే మనిషి గుర్వయ్య.

"ఫికర్ జెయ్యకు కాకా. నువ్వు గట్టిగున్నవు. ఇంకో ఇరవై ఏండ్లు నీకేం గాదు."

గుర్వయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళంచెవి నాగేందర్ చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు.

"వాననక ఎండనక, ఎప్పుడు ఫోన్ జేసినా ఉరికొచ్చినవు బిడ్డా. మా ఇంట్ల పాలు పొంగుతున్నయంటె నీ చలువే. నాకెందుకు డబ్బ? సోమారం గుండె ఆపరేషన్ నీకట గద. నిన్న అంగట్ల మీ ఇంటామె శైలజ చెప్పి ఏడ్చింది."