వెనకవైపు ఫోటో

గడియారం కీ బావమరిదే ఎత్తుకుపోయాడు. అందులో అనుమానానికి చోటు లేదు. జబ్బుపడిన అక్కని చూడ్డానికని వచ్చాడు, మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి కీ లేదు. వాడి పనే తాళాలు బాగుచెయ్యడం. కీ కనబడితే చెయ్యి ఊరుకోదు.

అప్పట్నుంచీ ఆ గోడ గడియారం ఆగిపోయే ఉంది. అందుకే టైమ్ కీపర్ దాన్ని అమ్మేస్తున్నాడు. బస్ డిపోలో ఆ ఉద్యోగం నుంచి ఆయన రిటైరై చాలాకాలమైంది. అయినా వీధిలో అందరికీ ఆయన ఇప్పటికీ టైమ్ కీపరే.

"కొత్త కీ చేయించుకుంటే పోయేదానికి వేలం దేనికి నాన్నా?" అంది కూతురు. హాస్పిటల్ డ్యూటీ దిగి వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"చేసేదెవరు?"

"మామయ్య."

"అదీ సంగతి. నా కీ కాజేసినవాడు నాకే కొత్తది చేసి పెడతాడు. నేను వెళ్ళి వాడి కొట్టు ముందు చేతులు కట్టుకు నిలబడాలి. గడియారాన్ని పాత ఇనప సామాన్లవాడికైనా ఇస్తాను గానీ వాడి గుమ్మం తొక్కను. నువ్వు ఫోటోలు పెట్టు."

కూతురు ఫోన్‌లో ఊళ్ళోవాళ్ళ వేలం పేజీ తెరిచింది. ఒక్క ఫోటో పెడితే ఎవరూ నమ్మరనీ, అన్ని వైపుల నుంచీ తియ్యాలనీ చెప్పింది. గదిలో వెలుగు చాలక ఆయన గూట్లోంచి టార్చిలైటు అందుకున్నాడు. దానికి ఒక దారం, దారం చివర ఒక చొక్కా బొత్తాం. ఆ ఇంట్లో కత్తెరకీ, గొడుక్కీ, బీరువా తాళానికీ, అన్నిటికీ అలాగే బొత్తాం వేలాడుతూ ఉంటుంది. బట్టలు కుట్టే ఆయన భార్య చేసిన పని. చీకట్లో తడుముకున్నా బొత్తాం చేతికి తగిలితే వస్తువు దొరికినట్టేనని ఆమె లెక్క. ఆమె పోయాక కూడా ఆయన ఒక్క దారమూ తెంపలేదు.

"ముందు మొహం తియ్యి. ముళ్ళు మెరవాలి" అన్నాడు టార్చి వేసి.

"అద్దం మూల పగులుంది. అదీ తీస్తున్నా."

"తియ్యి. ఒకణ్ణి మోసం చెయ్యడం నాకు చేతకాదు. నాది మీ అమ్మవాళ్ళ వైపు రక్తం కాదు."

"నాది సగం అదే నాన్నా."

"అందుకే నేను చెప్పేదాంట్లో సగమే వింటావు."

కూతురు నవ్వి, మంచం ఎక్కి లోలకాన్ని ఫోటో తీసింది, పక్కలు తీసింది, పైనున్న చెక్క పువ్వులు తీసింది. ఆ గడియారం ఉన్నది సరిగ్గా మంచం తలవైపు గోడకి.

"గంటలు బాగా కొడుతుందని రాయనా?"

"రాయి. వీధి చివరిదాకా వినబడేదని రాయి. మీ అమ్మ మంచాన పడ్డప్పుడు ఎంత గోల పెట్టిందని. తల మీద సుత్తితో కొడుతున్నట్టుంది, ఆపండి, ఆపండి అని."

"ఆపొచ్చుగా మరి?"

"మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఒక్క పూట ఆగని గడియారం. ఎవరో ఆపమంటే ఆపుతానా?"

'ఎవరో' అన్న మాట దగ్గర కూతురు వేళ్ళు ఆగాయి. మళ్ళీ టైప్ చేసుకుంది.

కాఫీ తాగి గ్లాసులు కింద పెట్టేలోపే పేజీలో ఒకడు తగులుకున్నాడు. వాడు పెట్టుకున్న పేరు 'పాతసామాన్ల పిచ్చోడు'.

"ముందు నుంచి పెట్టారు, పక్క నుంచి పెట్టారు. వెనకవైపు ఫోటో ఏది?" అని రాశాడు.

"వెనక చెక్క తప్ప ఏముంటుందని రాయి" అన్నాడు టైమ్ కీపర్.

జవాబు వెంటనే వచ్చింది. "ఆ చెక్కే చూపించండి. అది చూడందే వేలంపాట పాడను."

"గడియారం కొంటున్నాడా, సంబంధం చూస్తున్నాడా వీడు?"

"అడిగేవాడు ఒక్కడున్నాడు నాన్నా, పోగొట్టుకోవద్దు. కిందికి దింపుదామా?"

"దింపేది లేదు. మా నాన్న బిగించింది నా చేత్తో దింపను. కొన్నవాడే వచ్చి దింపుకోవాలి."

కూతురు నిట్టూర్చి మంచం మీద మోకాళ్ళేసింది. గోడకీ గడియారానికీ మధ్య ఉన్న సందులోకి కింద నుంచి ఫోన్ దూర్చింది. ఫ్లాష్ వెలిగింది. ఏం పడిందో చూసుకోకుండానే పేజీలో పెట్టేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది. బూజు బాగా వచ్చింది" అంటూ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసింది. ఫోన్ ఆయన చేతికిచ్చింది.

చెక్కకి ఎప్పటిదో పాత మేకు. మేకుకి ఆకుపచ్చ దారం. దారానికి గడియారం కీ. చివర తెల్లటి చొక్కా బొత్తాం.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఒకప్పుడు ఆమె దిండు ఉండే చోట. తలెత్తితే గడియారం నెత్తిమీదే ఉంది.

చేతిలో ఫోన్ టింగుమంది. పాతసామాన్ల పిచ్చోడు మళ్ళీ రాశాడు.

"ఎక్కడుందో చెప్పనని అక్క నా చేత ఒట్టు వేయించుకుంది బావా. ఫోటో అడగొద్దని మాత్రం అనలేదు."

కూతురు ఆయన భుజం మీదుగా చదివింది.

"మామయ్యకి ఏం రాయను నాన్నా?"

"అమ్మడం లేదని రాయి."

"అంతేనా?"

"అంతే."

"పోనీ, కీ దొరికిందిగా. తీసి గడియారం నడిపిద్దాం" అని ఆమె సందులోకి చెయ్యి పెట్టబోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మ పెట్టిన చోట ఉండనీ. దీని సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు."